తిన్నాక పది నిమిషాల నడక: షుగర్ ఉన్నవాళ్లు వ్యాయామం ఎలా మొదలుపెట్టాలి

"రోజూ కాస్త నడవండి" అని షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ డాక్టరు చెప్తారు. ఎప్పుడు నడవాలి, తినకముందా తిన్నాకా, ఎంతసేపు, వేసుకునే మాత్రను బట్టి ఏం జాగ్రత్త పడాలి, కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు ఏం చేయాలి, ఇవన్నీ విడమరిచి చెప్పే తీరిక బయట జనం బారులు తీరిన ఓపీలో ఎవరికీ ఉండదు, లోపలికి వెళ్లాక మనకీ అడగాలని గుర్తుండదు. దాంతో చాలామంది పొద్దున్నే లేచి గంటసేపు గబగబా నడిచేసి, ఇవాల్టి పని అయిపోయిందనుకుని, ఆ తర్వాత మూడు పూటలా తిని తిన్నచోటే కూర్చుంటారు. పొద్దుటి నడక మంచిదే, మానొద్దు. కానీ మన భోజనంలో అన్నమే ఎక్కువ కాబట్టి షుగర్ బాగా పెరిగేది తిన్నాక. అందుకే తిన్నాక కూడా కదలాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే అసలు అక్కడి నుంచే మొదలుపెట్టండి అని నేను చెప్తాను.

ఇది పెద్దవాళ్లలో వచ్చే టైప్ 2 షుగర్ గురించి రాస్తున్నది. టైప్ 1 ఉన్న పిల్లలకి, గర్భిణులకి లెక్కలు వేరు, వాళ్లు తమ డాక్టరుతో మాట్లాడే మొదలుపెట్టాలి.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. టైప్ 2లో అసలు సమస్య ఇన్సులిన్ చెప్పిన మాట శరీరం సరిగా వినకపోవడం. కండరాలు పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోగలవు. కండరాన్ని గాదె అనుకోండి, నిన్నటి ధాన్యం అలాగే ఉంటే ఇవాళ వచ్చిన బస్తాలు బయటే ఉండిపోతాయి, నడిస్తే పాతది ఖర్చై చోటు దొరుకుతుంది. ఇన్సులిన్ బాగా పనిచేసే ఈ గుణం నడక ఆపాక కూడా ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఉంటుంది, తర్వాత పోతుంది. వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ వదలొద్దని అంటారే, కారణం ఇదే. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు నడిస్తే వారమంతటికీ సరిపోదు.

మొదట మీ మందుల చీటీ తీసి చూడండి

చెప్పులేసుకునే ముందు చేయాల్సిన పని ఇది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ ఈ మూడింట్లో ఏదైనా మీ మాత్రలో ఉందా? లేదా ఇన్సులిన్ వేసుకుంటున్నారా? అయితే నడకతో మీకు షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది. చాలా బ్రాండ్లలో రెండు మూడు మందులు ఒకే మాత్రలో కలిపి ఉంటాయి, పేరు చూస్తే తెలియదు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లకి ఆనకపోతే మందుల షాపులో అడగండి, చెప్తారు. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి మాత్రమే వాడేవాళ్లకి ఆ భయం చాలా తక్కువ, వాళ్లు నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు నీళ్లు మాత్రం బాగా తాగాలి, ఆ మందులు మూత్రం ద్వారా నీటినీ చక్కెరనీ బయటికి పంపుతాయి.

బీపీకో గుండెకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడుతుంటే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండె దడ, వణుకు ఈ మందుల వల్ల బయటపడకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కాబట్టి ఊరికే చెమటలు పట్టినా అనుమానించి గ్లూకోమీటరుతో చూసుకోండి.

మెల్లిగా నడవడానికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి కదలకుండా ఉండి ఇప్పుడు పరుగు, జిమ్ అంటే గుండె సంగతి డాక్టరుకి చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లలో గుండెకి ఇబ్బంది వచ్చినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు, ఆయాసం, ఎప్పుడూ లేని నీరసం, చల్లటి చెమటలు మాత్రమే కనిపించొచ్చు. నడుస్తుంటే అలా అనిపిస్తే కూర్చోండి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. గ్యాసేమో అని సోడా తాగి సర్దుకోకండి. కంటి రెటీనా పరీక్ష కూడా ఏడాదికోసారి చేయించుకోండి. లోపల రక్తనాళాలు దెబ్బతిన్నాయని చెప్పి ఉంటే శీర్షాసనం, తల బాగా కిందికి వంచే ఆసనాలు, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, గెంతడం వద్దు. నడకకి మాత్రం సాధారణంగా అడ్డేమీ ఉండదు.

రాత్రి భోజనంతో మొదలుపెట్టండి

మూడు పూటల్లో ఏదో ఒక్కటే ఎంచుకోమంటే రాత్రిది ఎంచుకోండి. తొమ్మిదింటికి తినడం, సీరియల్ ముందు కూర్చోవడం, పదిన్నరకి పడుకోవడం, చాలా ఇళ్లలో జరిగేదిదే, రోజు మొత్తంలో అతి తక్కువ కదిలే సమయం అదే. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధనలో టైప్ 2 ఉన్న 41 మంది చేత కొన్నాళ్లు రోజులో ఇష్టమొచ్చిన వేళ ఒకేసారి 30 నిమిషాలు, కొన్నాళ్లు ప్రతి భోజనం తర్వాత పదేసి నిమిషాలు నడిపించి చూశారు. ఎలా నడిచినా రోజుకి మొత్తం అరగంటే. కానీ భోజనం తర్వాత నడిచినప్పుడు తిన్నాక పెరిగే షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం తర్వాతైతే 22 శాతం. ఎక్కువ పిండిపదార్థం ఆ పూటే తినడం, తర్వాత కూర్చుండిపోవడం, ఈ రెండూ ఉన్నచోట తేడా బాగా కనిపించింది. మన ఇళ్లకి ఇది అతికినట్టు సరిపోతుంది.

చేయాల్సింది ఇంతే. తిన్న పావుగంటకి లేవండి, అరగంట దాటనివ్వకండి. ఎందుకంటే తినడం మొదలుపెట్టిన గంట, గంటన్నరకి షుగర్ బాగా పైకెళ్తుంది, ఆ లోపే కండరాలు పనిలో ఉండాలి. పది నిమిషాలు నడవండి. వీధిలో కుక్కల భయం ఉంటే డాబా మీద, అపార్ట్‌మెంట్ కారిడార్‌లో, అదీ లేకపోతే హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి. మా అమ్మ డాబా మీద పిన్నితో ఫోన్లో మాట్లాడుతూ నడుస్తుంది, ఆవిడకి అది నడకలానే అనిపించదు, అందుకే మానలేదు. తిన్నాక నడిస్తే అరగదని కొందరు అంటారు. అది పరిగెత్తితే. మామూలు నడకకి కడుపులో ఏమీ అవ్వదు, తిన్నాక నూరడుగులు వేయమని మన పెద్దవాళ్లే చెప్పారు. తిన్నాక నడిస్తే ఛాతీ పట్టేసినట్టు ఉండేవాళ్లు మాత్రం ఆగి ముందు గుండె డాక్టరుని కలవాలి.

రాత్రిది అలవాటయ్యాక మధ్యాహ్నం భోజనానికి కలపండి. ఆఫీసులో ఉంటే క్యాంటీన్ నుంచి సీటుకి లిఫ్టులో కాకుండా మెట్లెక్కి, కింద ఇంకో చుట్టు తిరిగి వెళ్లండి. ఇంట్లో ఉండేవాళ్లకి మధ్యాహ్నం అన్నం తినగానే కునుకు అలవాటు, పడుకోవద్దని నేను చెప్పను, పది నిమిషాలు నడిచి పడుకోండి.

మీ శరీరం ఏం చెప్తుందో మీరే చూడండి

పక్కింటాయనకి పనిచేసింది మీకు అంతే పనిచేయకపోవచ్చు, దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకరోజు మీరు మామూలుగా తినేది తిని, నడవకుండా, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసి రాసుకోండి. మర్నాడు అదే భోజనం, అదే వేళకి, అంతే కొలతలో తిని, నడిచి, మళ్లీ రెండు గంటలకి చూడండి. రెండు స్ట్రిప్పులు ఖర్చు. ఒక్కసారితో నిర్ణయానికి రాకండి, నిద్ర సరిగా లేకపోయినా, టెన్షన్ ఉన్నా అంకె మారుతుంది కాబట్టి ఇంకో రెండు మూడు సార్లు చూడండి. కాగితం మీద ఆ తేడా కళ్లారా చూసినవాళ్లు నడక మానరు. ఎవరు ఎన్నిసార్లు చెప్పినా కలగని నమ్మకం ఆ అంకెతో కలుగుతుంది, అందుకే స్ట్రిప్పుల ఖర్చుకి వెనకాడొద్దని నా గట్టి అభిప్రాయం.

ఒక్కోసారి వ్యాయామం చేశాక షుగర్ తగ్గకపోగా పెరిగి కనిపిస్తుంది. బాగా వేగంగా పరిగెత్తినా, పెద్ద బరువులెత్తినా శరీరం అడ్రినలిన్ లాంటి హార్మోన్లు వదులుతుంది, వాటి వల్ల కాలేయం నిల్వ ఉన్న గ్లూకోజ్‌ను రక్తంలోకి పంపుతుంది. కంగారు పడకండి, కాసేపట్లో దిగుతుంది. పొద్దున్నే పరగడుపున షుగర్ ఎక్కువ ఉండడానికి కూడా తెల్లవారుజామున వచ్చే హార్మోన్లు ఒక కారణం.

వారానికి 150 నిమిషాలు, కొద్దికొద్దిగా పెంచుకుంటూ

అన్ని దేశాల డాక్టర్లూ చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు, మూడు రోజులకి తక్కువ కాకుండా పంచుకుని. వేగం ఎంత ఉండాలంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పది నిమిషాలతో మొదలుపెట్టినవాళ్లు వారానికో రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోతే చాలు, మొదటిరోజే కేబీఆర్ పార్క్ చుట్టూ తిరిగొచ్చి మోకాళ్లు పట్టేసి నెలపాటు కూర్చోవడం వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సైకిల్, ఈత, కుర్చీలో కూర్చుని చేసే కసరత్తులు ఉన్నాయి, అవీ లెక్కలోకి వస్తాయి.

"నేను రోజంతా ఇంటిపనితోనే సతమతమవుతున్నా, ఇంక నడకెందుకు" అని ఆడవాళ్లు అడుగుతారు. ఊడవడం, తుడవడం, బట్టలుతకడం నిజంగా పనే. కానీ అది ఎక్కువగా టిఫిన్‌కి ముందు అయిపోతుంది, తిన్నాక కదలిక ఉండదు. ఆ పనుల్లో ఒకటి భోజనం తర్వాతకి జరుపుకున్నా మేలే. పొలం పని, కూలి పని చేసేవాళ్ల సంగతి దీనికి తలకిందులు, వాళ్లకి వ్యాయామం తక్కువ కాదు, నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఉన్నట్టుండి పని పెరిగి షుగర్ పడిపోవడమే ప్రమాదం. పని మొదలయ్యే ముందే డాక్టరుని అడిగి మందు సర్దించుకోవాలి.

కూర్చుని చేసే ఉద్యోగమైతే అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు నిలబడి కదలండి. ఫోన్ మోగినప్పుడల్లా లేవడం తేలికైన పద్ధతి.

నడక ఒక్కటే చాలదు. మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది బలాన్నిచ్చే కసరత్తులు. వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుంది, గ్లూకోజ్ దాచుకునే చోటు తగ్గిపోతుంది, మనిషి సన్నగా కనిపిస్తూనే షుగర్ పెరుగుతుంది. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విడిచి, ఇంట్లోనే చేయొచ్చు: చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి చేతులానించి నెట్టడం పదిసార్లు, వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం పదిహేను సార్లు, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడిచి ఎత్తడం. ఇదంతా రెండు చుట్లు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. తేలిగ్గా అనిపిస్తే ఇంకో చుట్టు కలపండి.

షుగర్ పడిపోతే

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు ఇది ఇంట్లో అందరికీ చదివి వినిపించాలి. బయల్దేరేముందు చూసుకుంటే 90 కంటే తక్కువ ఉందా, ఒక చిన్న అరటిపండు తిని కాసేపాగి వెళ్లండి. నడుస్తుండగా చెమటలు, చేతుల వణుకు, దడ, ఒక్కసారిగా ఆకలి, చూపు మసకబారడం, తికమక, ఊరికే చిరాకు, వీటిలో ఏది వచ్చినా ఆగిపోవాలి. ఇంకో చుట్టు తిరిగి ఆగుదాం అనుకోవద్దు. 70 కంటే తక్కువుంటే, లేదా చూసుకునే వీలు లేకపోతే, మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే తాగండి. తేరుకున్నాక రెండు ఇడ్లీలో బిస్కెట్లో తినండి.

గ్లూకోజ్ పొడి లేకపోతే మూడు చెంచాల పంచదార, అర గ్లాసు పండ్ల రసం కూడా పనిచేస్తాయి. లడ్డూ, మైసూర్‌పాక్, చాక్లెట్ కాదు, వాటిలోని నెయ్యి, కొవ్వు వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. ఇంకోటి చాలామందికి తెలియదు: మీ మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే పంచదార తొందరగా పనిచేయదు, పంచదారని విడగొట్టే ఎంజైముని ఆ మందే అడ్డుకుంటుంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌తో వోగ్లిబోస్ కలిపిన మాత్రలు మన దగ్గర బాగా వాడతారు. మీది అదే అయితే జేబులో గ్లూకోజ్ పొడి పొట్లమే ఉండాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

సాయంత్రం చాలాసేపు వ్యాయామం చేస్తే అర్ధరాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. అలాంటి రోజు పడుకునేముందు ఒకసారి చూసుకోండి. నడిచేముందు ఇన్సులిన్ తొడకి వేసుకోకండి, కదిలే కాలి నుంచి అది తొందరగా రక్తంలో కలుస్తుంది, పొట్టకి వేసుకోవడం మంచిది.

షుగర్ బాగా ఎక్కువున్నప్పుడూ చూసుకోవాలి. 250 దాటి ఉండి వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం ఉంటే ఆరోజు వ్యాయామం కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఒంట్లో బాగానే ఉండి భోజనం తర్వాత పెరిగిందే అయితే నీళ్లు తాగుతూ మెల్లిగా నడవొచ్చు. 300 దాటితే దిగేదాకా ఆగండి.

పాదాలు

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా తెలియదు. చిన్న పుండు వేలు తీసేసేదాకా వెళ్లిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. రోజూ పడుకునేముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి, వంగలేకపోతే కింద అద్దం పెట్టుకుని చూడండి, లేదా ఇంట్లోవాళ్లని చూడమనండి. బూట్లు వేసుకునేముందు దులిపి లోపల చెయ్యి పెట్టి చూడాలి. లేతరంగు నూలు సాక్సులైతే రక్తం మరక వెంటనే కనబడుతుంది. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి బిగుతైనవి కొనరు. హవాయి చెప్పులతో నడక వద్దు, స్పర్శ తగ్గినవాళ్లకి అవి ఎప్పుడు జారిపోయాయో కూడా తెలియదు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు దొరుకుతాయి, అవి తీసుకోండి. పార్కుల్లో గులకరాళ్లు పరిచిన ఆక్యుప్రెషర్ దారి మీద ఒట్టికాళ్లతో నడిస్తే షుగర్ తగ్గుతుందని నడుస్తుంటారు, స్పర్శ తగ్గిన పాదాలకి అంత ప్రమాదం ఇంకోటి లేదు.

గుడి విషయం మనసుకి దగ్గరది కాబట్టి విడిగా చెప్తున్నా. అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, అలిపిరి దారిలో 3,550 మెట్లు, చెప్పుల్లేకుండా. పాదాల్లో స్పర్శ బాగుందని డాక్టరు చూసి చెప్తే హాయిగా వెళ్లండి, ముందు నెలా రెండు నెలలు నడక పెంచుకుని, గ్లూకోజ్ పొట్లం దగ్గర పెట్టుకుని. స్పర్శ తగ్గినవాళ్లు ఎండెక్కాక రాతి మీద కాలు పెట్టకండి, మందపాటి సాక్సులు వేసుకోండి, దారిలో కూర్చున్నప్పుడల్లా అరికాళ్లు చూసుకోండి. పాదం మీద పుండు ఉంటే మాత్రం మొక్కు వాయిదా వేసుకోండి, మానాక తీర్చుకోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ మొదలయ్యేలోపే నడక ముగించండి, లేకపోతే ఇంట్లోనే చేయండి. ఇన్సులిన్‌ని బండి డిక్కీలో, ఎండలో ఆపిన కారులో వదలకండి, వేడికి పాడవుతుంది. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు ఇఫ్తార్‌కి ముందు గంటల్లో బరువైన వ్యాయామం చేయకండి, ఇఫ్తార్ తర్వాత చేయండి, రాత్రి చేసే తరావీహ్ నమాజు కూడా వ్యాయామం కిందే లెక్క. కార్తీక సోమవారాలు, ఏకాదశి ఉపవాసాలు ఉండేవాళ్లకీ అంతే, ఖాళీ కడుపుతో పొడవాటి నడక వద్దు.

నడక అయ్యాక తినేది కూడా చూసుకోండి. అరగంట నడిస్తే మామూలు మనిషికి ఖర్చయ్యేది సుమారు 100 నుంచి 150 క్యాలరీలు. పార్కు గేటు దగ్గర పంచదార టీ, రెండు మిరపకాయ బజ్జీలతో అది తిరిగి వచ్చేస్తుంది.

మూడు నెలలయ్యాక హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని అది చెప్తుంది. క్రమం తప్పకుండా వ్యాయామం చేసిన టైప్ 2 వాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2011లో లెక్కగడితే హెచ్‌బీఏ1సీ సగటున 0.67 శాతం పాయింట్లు తగ్గింది, వారానికి 150 నిమిషాలు దాటి చేసినవాళ్లలో 0.89. కొన్ని మాత్రలతో వచ్చే ఫలితానికి ఇది దగ్గరగా ఉంటుంది. మీరు రాసుకున్న అంకెల పుస్తకం, ఎప్పుడు నడిచారో, ఎప్పుడు షుగర్ పడిపోయిందో రాసిన తేదీలతో సహా, డాక్టరు ముందు పెట్టండి. తరచూ పడిపోతుంటే గ్లిమెపిరైడ్‌నో ఇన్సులిన్‌నో తగ్గించాల్సి రావచ్చు, ఎంత తగ్గించాలో ఆయన ఆ అంకెలు చూసే చెప్తారు. అంకెలు బాగున్నాయని మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి, పడిపోతుందన్న భయంతో నడకా మానేయకండి. మందుల చీటీలో మార్పు రాయించుకుని, రాత్రి భోజనం తర్వాత మళ్లీ నడవండి.